బిచ్చయ్య గొంగడి ముక్క

“ఆ పెట్టెను మా గోడ పక్కన పెట్టకండి. మాకు చిన్నపిల్ల ఉంది. ఈగలన్నీ ఒక్కసారి లేస్తే దాన్ని ఎవరు కాపాడతారు?”

బిచ్చయ్యతో నేను మాట్లాడిన మొదటి మాటలివి. నిరుడు జూలైలో, ముసురు పట్టిన ఒక ఆదివారం. అప్పటికి ఆయన పేరు కూడా నాకు తెలియదు. నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన మా ప్రహరీ అవతల, నల్ల గొంగడి కప్పుకున్న ఒక పెద్దమనిషి తేనెటీగల పెట్టెను చెక్క స్టాండు మీద సరిచేస్తూ కనిపించాడు. నమస్కారం కూడా పెట్టకుండా ఆ మాట అనేశాను.

ఆయన తలెత్తి నన్నూ, నా చంకలోని పాపనూ చూశాడు.

“ఎన్నేండ్లు సారూ బిడ్డకు?”

“ఏడాదిన్నర.”

“అయితె జరుపాలె. కని ఒక్కపారే జరుపరాదు. పొద్దుగాల మేతకు వోయినయి మాపటికి పాత జాగకే వస్తయి. ఇల్లు కనవడకుంటె ఆగమైతయి. రోజుకు రెండడుగులు జరుపుత. నువ్వు ఫికర్ చెయ్యకు.”

నేను నమ్మలేదు. రోజూ కాలేజీకి బయలుదేరే ముందు గోడ మీంచి తొంగిచూసేవాణ్ణి. పెట్టె నిజంగానే రోజుకు రెండడుగుల చొప్పున దూరమవుతూ పోయింది. ఇరవై రోజులకు పక్క రైతు చెన్నయ్య కంది చేను గట్టు మీద, వేపచెట్టు నీడకు చేరింది.

మేముండేది తాండూరు చివర, ఇళ్ళు ఆగిపోయి చేలు మొదలయ్యే చోట. నేను పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ వెళ్ళి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నా భార్య నిరోషా ఊళ్ళోనే ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది. పగటిపూట పాపను చూసుకోవడానికి ఎవరైనా దొరుకుతారా అని ఆమె వెతుకుతుంటే, బిచ్చయ్య భార్య హన్మమ్మ తనే వచ్చి, “ఆ పోరిని నాకియ్యి, నా చేతులు ఊకెనే ఉన్నయి” అని ఎత్తుకుపోయింది. బిచ్చయ్య కథ నాకు ఆమె నోటనే తెలిసింది.

వాళ్ళది బంట్వారం దగ్గరి పల్లె. నలభై ఏళ్ళు బిచ్చయ్య గొర్రెల మంద వెంట నడిచాడు. వానాకాలం సొంత ఊరి గుట్టల్లో, పంట కోతలయ్యాక బొంరాస్‌పేట, దౌల్తాబాద్ చేలల్లో, ఎండలు ముదిరితే సరిహద్దు దాటి కన్నడం మాట్లాడే ఊళ్ళలో. రైతులు పిలిచి మరీ తమ చేలల్లో మంద పెట్టించుకునేవారు. చుట్టూ దడి కట్టి గొర్రెలను అందులో ఆపితే తెల్లారేసరికి ఆ నేలకు ఎరువు. మర్నాడు దడి విప్పి పక్క చెక్కలో కట్టాలి. మోకాళ్ళు పట్టేశాక బిచ్చయ్య ఇక నడవలేకపోయాడు. కొడుకు గణేశ్ నాపరాయి లారీ నడుపుతాడు. అరవై గొర్రెలను ఒకే రోజు అంగట్లో అమ్మేసి, కొడుకు దగ్గరికి తాండూరు వచ్చేశారు. రెండు మేకలు మిగిలాయి.

“మందను అమ్మినంక ఏడాది పొడుగున గోడ దిక్కు మొఖం వెట్టి పండుకున్నడు సారూ,” అంది హన్మమ్మ. “తినుమంటె తిన్నడు, లెవ్వుమంటె లేశిండు. పెయ్యి ఉన్నది గని మనిషి లేడు. గీ ఈగలు దొరికినంకనే నాకు మల్ల మొగడు దొరికిండు. అవి వోయినయనుకో, మల్ల గోడ దిక్కే తిరుగుతడు. ఈసారి లేపుడు నాతోని గాదు.”

అని, అంతలోనే నవ్వేది. “నువ్వు తిన్నవా అని నన్ను ఒక్కనాడు అడిగినోడు గాదు. ఈగలకు శక్కర పాకం వెట్టినవా అని మాత్రం మూడుపార్లు అడుగుతడు.”

ఆ ఈగలు ఆయనకు దొరికింది మూతబడ్డ ఒక పాలిషింగ్ యూనిట్‌లో, పేర్చి వదిలేసిన నాపరాళ్ళ సందులో. అంతకు ముందు ఎవరో పెట్టిన మూడు రోజుల శిక్షణకు గణేశ్ బలవంతంగా పంపిస్తే, అక్కడ ఒక పెట్టె ఇచ్చారు. ఆ గూడును పెట్టెలోకి మార్చడానికి బిచ్చయ్యకు ఒక పగలంతా పట్టింది. పన్నెండు చోట్ల కుట్టించుకున్నాడు. ఆ వాచిన మొహంతో ఇంటికొచ్చి ఏడాదిలో మొదటిసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడట.

నవంబర్‌కు చెన్నయ్య కంది చేను పసుపుపచ్చగా విరగబూసింది. నా భయం కూడా కొంత తగ్గింది. బిచ్చయ్య పెట్టె తెరిచినప్పుడు నాలుగడుగుల వెనక నిలబడి చూసేంత ధైర్యం వచ్చింది. ఫోనులో దొరికినవన్నీ చదివాను. పెట్టెలోని ఎనిమిది చట్రాల్లో ఏడింటి మీద ఈగలు ఒత్తుకుని ఉన్నాయి. అంచుల్లో కొత్త మైనం తెల్లగా మెరుస్తోంది.

“దీని మీద పెట్టే పై అర ఏదీ?” అన్నాను.

“ఏ పై అర?”

పక్కనుంచి హన్మమ్మ అందుకుంది. “గదా? పెట్టెతోటి ఇచ్చిన ఇంకో డబ్బా? దాంట్ల నా ఉల్లిగడ్డలున్నయి.”

అది తేనె కోసం పెట్టే అర అని చెప్పాను. బిచ్చయ్య తల అడ్డంగా ఊపాడు.

“తొలిసూరి గొర్రె పాలు పిండుతరా సారూ? పిల్లకే ఇడుస్తరు. మొదటి ఏడు వీటి తేనె వీటికే. నేను ముట్ట.”

“మీరు తీయొద్దు. చోటు కోసం పెట్టండి. కింద నిండిపోతే సగం ఈగలు పాత రాణిని తీసుకుని ఎగిరిపోతాయి. పైన ఇంకో అర ఉంటే తేనె అక్కడ దాస్తాయి, కింద పిల్లలకు జాగా మిగులుతుంది. ఎండాకాలంలో ఆ తేనె అవే తింటాయి.”

ఆయన నిండిన చట్రాల వైపు చూశాడు.

“అంటె దడి జరుపుడన్నమాట.”

“అదే.”

“గట్ల చెప్పరాదూ! పై అర, కింది అర అని పాఠం మొదలువెడ్తివి.”

“మరి నా ఉల్లిగడ్డలు ఏడ వొయ్యాలె? నీ నెత్తి మీదనా?” అంది హన్మమ్మ. అయినా సాయంత్రానికల్లా డబ్బా ఖాళీ చేసి, కడిగి, వాసన పోయేదాకా వారం రోజులు ఎండలో పెట్టింది.

ఆ వారంలోనే, బుధవారం సాయంత్రం, పాప ప్రియకు తల దువ్వుతుంటే చెవి వెనక ఏదో తగిలింది. జొన్నగింజంత ఉంది. పుట్టుమచ్చేమో అనుకున్నాను. దానికి కాళ్ళున్నాయి.

పిడుదు. ఇక్కడివాళ్ళు గోమారి అంటారు. నిరోషాను కేకేశాను. ఆమె ప్రశాంతంగా సన్న పట్టకారుతో పట్టి లాగేసింది. నేను దాన్ని స్పిరిట్ సీసాలో వేసి, పాపను ఎత్తుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఏమీ కాదు, నాలుగు రోజులు జ్వరం వస్తుందేమో చూడండి అన్నాడాయన. నేను పూటకు మూడుసార్లు థర్మామీటర్ పెట్టాను.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాల్సిన పని లేదు. ప్రియకు బిచ్చయ్య గొంగడి అంటే ప్రాణం. అందులో దూరి దాక్కుంటుంది. ఆ గొంగడేమో మేకల పక్కన పడి ఉంటుంది.

“హన్మమ్మకు చెప్దాం. ఉడకేసి ఎండకేస్తారు,” అంది నిరోషా.

“ఎలా చెప్తాం? మీ గొంగడికి పురుగులున్నాయి, మా పాపను దగ్గరికి రానీయకండి అనా? పెద్దాయన. మొహం చిన్నబోతుంది.”

నా బిడ్డకు ముప్పు తప్పాలి. ఆయన నొచ్చుకోకూడదు. రెండూ ఒకేసారి జరిగే ఉపాయం నాకు తోచింది. పశువుల మందుల దుకాణంలో పిడుదుల మందు కొన్నాను. లీటరు నీళ్ళకు రెండు మిల్లీలీటర్లు. ల్యాబులో కొలిచినంత జాగ్రత్తగా కొలిచాను. శనివారం మధ్యాహ్నం బిచ్చయ్య గొంగడిని మా గోడ మీద వేసి మేకలకు ఆకు కొట్టడానికి వెళ్ళాడు. చేతులకు గ్లౌజులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, రెండు వైపులా తడిసేలా కొట్టాను. ఎండకు గంటలో ఆరిపోయింది. ఆయన వచ్చి దులిపి భుజాన వేసుకున్నాడు. నేను గ్లౌజులు లేకుండా తాకని దాన్ని ఆయన ఒంటికి చుట్టుకుని వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. పని పూర్తయిందనుకున్నాను.

ఆదివారం సాయంత్రం పై అర పెట్టాం. బిచ్చయ్య దాన్ని రెండు చేతులతో, పాలగిన్నె దించినంత మెల్లగా దించాడు. ఒక్క ఈగ కూడా నలగలేదు.

“చలి ముదురుతోంది. పైన ఖాళీ జాగా కాబట్టి వెచ్చదనం పోతుంది,” అన్నాను. “చట్రాల మీద, మూత కింద, మందపాటి గుడ్డ ఏదైనా పరచండి. గోనెసంచి ముక్క చాలు.”

“ఇంట్ల ఉన్నయి. నువ్వు పో సారూ, బిడ్డ ఏడుస్తున్నది,” అన్నాడు. నేను వచ్చేశాను.

సోమవారం పొద్దున్న బూట్లు వేసుకుంటుంటే హన్మమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తల మీద కొంగు లేదు.

“సారూ, జల్ది రా. ఈయన మాట్లాడ్తలేడు.”

బిచ్చయ్యకు ఏమో అయిందనుకుని పరుగెత్తాను. ఆయన స్టాండు ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. పెట్టె కింద పరిచిన నాపరాయి కనిపించడం లేదు. వడగట్టి పారబోసిన టీపొడిలాగా ఈగలు కుప్ప పడి ఉన్నాయి. కొన్ని వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. కొన్ని నాలుకలు బయటపెట్టి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ద్వారంలోంచి ఒకటి నడిచి వచ్చి, అంచు దాకా వచ్చి, రెక్కలు విప్పి, అలాగే కింద పడింది. బిచ్చయ్య ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకుని నోటితో వెచ్చగా ఊదుతున్నాడు. కదలకపోతే పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటున్నాడు. వేల ఈగలు. ఆయన అలా ఎంతసేపటి నుంచి చేస్తున్నాడో.

ఏం చూస్తున్నానో అర్థమవుతోంది కాని తలకెక్కడం లేదు.

చేలో చెన్నయ్య కనిపించగానే బిచ్చయ్య లేచాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి సాళ్ళు దాటుకుంటూ ఎలా వెళ్ళాడో తెలియదు.

“పువ్వు మీద మందు కొట్టొద్దని చేతులు వట్టుకొని చెప్తి గదరా!”

“నేను కొట్టలే బిచ్చన్నా!” చెన్నయ్య నిలువునా నీరయ్యాడు. “నా పిల్లల మీద ఒట్టు. పురుగు కాయలు తింటున్నా నీ మాట మీద ఆగిన. రా, చూడు, ఎన్ని కాయలు వోయినయో.”

“మరి ఆకాశంలకెల్లి వడ్డదా మందు?”

“నాకేం ఎరుక? నేను నష్టపోవుడు గాక పైనుంచి దొంగను జేస్తవా? తీస్కపో నీ పెట్టె. నా గట్టు మీద వద్దు. మంచికి వోతె గిదా?”

వాళ్ళు అరుచుకుంటుంటే నేను పెట్టె దగ్గరే నిలబడ్డాను. చేలో మందు కొడితే ఈగలు చేలో కూడా పడి ఉండాలి. సాళ్ళలో ఒక్కటి లేదు. అన్నీ పెట్టె ముందే ఉన్నాయి. కారణం లోపలే ఉండాలి. ముసుగు కూడా వేసుకోకుండా మూత ఎత్తాను. నా మీదికి ఒక్క ఈగ కూడా లేవలేదు.

చట్రాల మీద నల్లటి ఉన్ని పరిచి ఉంది. పెట్టె కొలతకు సరిగ్గా కోసిన ముక్క. దాని అడుగున ఈగలు కాళ్ళు చిక్కుకుని వరసలుగా చచ్చి ఉన్నాయి.

“కోసిండు సారూ,” హన్మమ్మ నా వెనక నిలబడి చెప్తోంది. “నిన్న మాపటేల బొచ్చు కోసే కత్తెర తీసి కోసిండు. మా అత్త పెండ్లికి ఇచ్చిన గొంగడి అది. నా కాన్పుకు చలి వెడ్తున్నదంటె ఒక అంచు కోసియ్యలే. సంచి ఉన్నది గదా అన్న. ‘సంచులన్నీ ఎరువులయి, మందు వాసన వస్తయి, వాటికి వడది, గొంగడైతె మన పెయ్యి వాసనే’ అన్నడు.”

నేను కొట్టిన పిడుదుల మందు తేనెటీగలనూ చంపుతుంది. ఉన్నికి పట్టిన మందు రోజుల తరబడి పోదు. తాకితే చాలు. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో అడిగితే పూర్తి మార్కులకు రాసేవాణ్ణి. శనివారం గోడ దగ్గర మాత్రం నాకు ఒక్క పాప చెవి తప్ప ఏదీ కనిపించలేదు.

ఎవరికీ తెలియదు. ఆ ముక్క తీసి జేబులో కుక్కుకుంటే ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చెన్నయ్య స్టాండు ఎత్తడానికి వచ్చి వంగాడు.

“చెన్నయ్య కొట్టలేదు. నేను కొట్టాను.”

ఇద్దరూ నా వైపు తిరిగారు.

“నువ్వెందుకు కొడ్తవు సారూ?” అన్నాడు చెన్నయ్య అయోమయంగా. “నీకు చేనేడిది?”

అంతా చెప్పాను. పాప చెవి, పిడుదు, మందు, గ్లౌజులు. చెప్తున్నకొద్దీ హన్మమ్మ చెయ్యి మెల్లగా నోటి మీదికి వెళ్ళింది. బిచ్చయ్య నన్నే చూస్తున్నాడు. తిడతాడని, కొడతాడని కాచుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“బిడ్డకు జరమొచ్చిందా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు.

“రాలేదు.”

“ఎన్నడు వట్టింది గోమారి?”

“బుధవారం.”

“బుధవారం సంది నువ్వు నాతోని రోజూ మాట్లాడినవు.”

ఆయన వంగి ఒక పుల్ల తీసుకున్నాడు. పుల్లతో ఆ ఉన్ని ముక్కను ఎత్తి దూరంగా పడేసి, హన్మమ్మ తెచ్చిన సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. నన్నూ కడుక్కోమన్నాడు. పై అరను తీసేశాం. కింది చట్రాలను ఒక్కొక్కటిగా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. మొదటిది ఖాళీ. రెండోది, మూడోది ఖాళీ. ఆరో చట్రం అడుగున రెండు దోసిళ్ళ ఈగలు ముద్దగా ఉన్నాయి. వాటిని వేలితో మెల్లగా పక్కకు జరిపాడు.

“ఉన్నది,” అన్నాడు. రాణి పొడుగ్గా, నల్లగా, నింపాదిగా నడుస్తోంది.

పిల్లలున్న రెండు చట్రాలనే ఒక పక్కకు చేర్చి, మిగతా జాగాను చెక్కపలకతో మూసేశాడు. అంతసేపూ చెన్నయ్య తన తువ్వాలను రెండు చేతులతో పట్టుకుని ఎండ పడకుండా అడ్డు నిలబడ్డాడు. “పెట్టె గీడనే ఉండనియ్,” అని నేలను చూస్తూ అన్నాడు. ఆ రోజు నేను కాలేజీకి వెళ్ళలేదు.

రెండు రోజులు బిచ్చయ్య బయటికి రాలేదు. గోడ దిక్కు తిరిగే పడుకున్నాడని హన్మమ్మ చెప్పింది. నాతో ఆమె మాట్లాడిన తీరులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. పాకం కలిపి రోజూ నేనే పెట్టాను. మూడో రోజు పొద్దున్న నేను గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి ఆయన అప్పటికే అక్కడున్నాడు. “గింత నీళ్ళగ కలుపుతరా?” అని నా గిన్నె పారబోశాడు. ఆ తిట్టు విని హన్మమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఆ రెండు దోసిళ్ళ ఈగలు చలి గడిచి బతికాయి. జనవరి చివరికి నాలుగు చట్రాలయ్యాయి. పై అర మాట ఇద్దరం ఎత్తలేదు.

మొన్న మా ఇంటి యజమాని శివయ్య మెట్ల కింద పాత బ్యాటరీలు పెట్టించాడు. యాసిడ్ కారుతోంది. ప్రియ ఆడుకునేది అక్కడే. వాటిని ఆయన లేనప్పుడు ఎక్కడికైనా తరలిద్దామని నా చేతులు లాగాయి. వెళ్ళి తలుపు కొట్టాను. నా ఇంట్లో ఏం పెట్టుకోవాలో నువ్వు చెప్తావా అని పది నిమిషాలు అరిచాడు. నిలబడి విన్నాను. సాయంత్రానికి ఆయనే తీయించాడు. తీయించకపోయినా మళ్ళీ వెళ్ళి ఆ తలుపే కొట్టేవాణ్ణి. జనవరిలో ఒక పొద్దున, పెట్టె ముందు పక్కపక్కన కూర్చున్నప్పుడు, క్షమించమని అడగబోతే బిచ్చయ్య నన్ను ఆపి చెప్పిన మాట ఇది.

“ఎవరి వస్తువను చూసి నీకు భయమైతదో, సీదా వాళ్ళింటికే పో సారూ. మొఖం మీద చెప్పు. తిడ్తె వడు. మందు గిందు ఏమున్నా గా తర్వాతనే.”